కారు కదల్లేదు, స్థలం ప్రైవేటుది: టెక్సస్‌లో డీడబ్ల్యూఐ కేసు నిలుస్తుందా?

ఇదే చిక్కులో ఉన్న మిగతావాళ్లకూ అర్థం కావాలని ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా రాస్తున్నాను. మీ తమ్ముడు డాలస్ దగ్గర ఎమ్మెస్ చదువుతున్నాడు, ఎఫ్ వన్ (విద్యార్థి వీసా) మీద ఉన్నాడు. శనివారం రాత్రి తను ఉండే కాంప్లెక్స్‌లోనే ఫ్రెండ్ ఫ్లాట్‌లో పుట్టినరోజు పార్టీ జరిగింది, అక్కడ తాగాడు. రూమ్‌మేట్లు నిద్రలో తలుపు తీయకపోతే కిందికి దిగి, పార్కింగ్‌లో ఉన్న తన కారులో డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. ఉక్కగా ఉండటంతో ఏసీ వేసుకుని పడుకున్నాడు. తెల్లవారుజామున ఎవరో చూసి 911కి ఫోన్ చేశారు. పోలీసులు అద్దం కొట్టి లేపారు, నడిపించి చూశారు, ఊదిస్తే మద్యం కొలత 0.11 వచ్చింది, ఇక్కడి హద్దు 0.08. డీడబ్ల్యూఐ, అంటే మత్తులో బండి నడిపిన నేరం కింద అరెస్టు చేసి, మరునాడు బాండ్ మీద వదిలారు. బండి అంగుళం కూడా కదల్లేదు కదా, అపార్ట్‌మెంట్ పార్కింగ్ రోడ్డు కాదు కదా, ఇది తప్పుడు కేసే కదా అని మీరు హైదరాబాద్ నుంచి అడుగుతున్నారు. ‘డిఫర్డ్’ (నేరం ఒప్పుకుంటే శిక్ష ఖరారు చేయకుండా పర్యవేక్షణలో పెట్టడం) ఇప్పిస్తామంటున్నారు, ఒప్పుకుంటే అయిపోతుందా అని కూడా అడిగారు.

నేను టెక్సస్‌లో చాలా ఏళ్లుగా క్రిమినల్ డిఫెన్స్ చేస్తున్న అటార్నీని. మన పిల్లల కేసులు ఇలాంటివి తరచూ వస్తుంటాయి. సూటిగా చెబుతాను. ప్రైవేటు స్థలం అన్న వాదన ఇక్కడ దాదాపు నిలవదు. బండి కదల్లేదన్న వాదనలో బలం ఉంది, అయితే ఆ బలం చట్టంలో కంటే సాక్ష్యాల్లో ఎక్కువ. డిఫర్డ్ మాత్రం ఇమిగ్రేషన్ అటార్నీకి చూపించకుండా ఒప్పుకోవద్దు.

వీటన్నిటికంటే ముందు ఒక గడువు ఉంది. వదిలేటప్పుడు మీ తమ్ముడి చేతికి లైసెన్స్ సస్పెన్షన్ నోటీసు ఇచ్చి ఉంటారు. అది అందిన రోజు నుంచి 15 రోజుల్లో హియరింగ్ కావాలని అడగాలి. అడగకపోతే లైసెన్స్ దానంతటదే ఆగిపోతుంది. ఊదితే 0.08 దాటినవాళ్లకు, మొదటిసారైతే, 90 రోజులు. ఊదనని మొరాయించినవాళ్లకు 180 రోజులు. ఈ హియరింగ్ క్రిమినల్ కేసులో భాగం కాదు, కోర్టు తేదీ కోసం ఎదురు చూస్తే ఇది చేజారిపోతుంది. లైసెన్స్ ఒక్కటే కాదు లాభం. ఆ ఆఫీసర్ని పిలిపించి, ప్రమాణం చేయించి, ఆ రాత్రి ఏం చూశాడో అడిగే మొదటి అవకాశం అక్కడే దొరుకుతుంది. మీ తమ్ముడి కేసులో అది చాలా విలువైనది, ఎందుకో కింద చెబుతాను. ఇది చదివిన వెంటనే తమ్ముడికి ఫోన్ చేసి ఆ కాగితం మీద తేదీ చూడమనండి.

ఇక ప్రైవేటు స్థలం సంగతి. టెక్సస్ పీనల్ కోడ్‌లో 49.04 సెక్షన్ చెప్పేది ఇది: మత్తులో ఉండి, పబ్లిక్ ప్లేస్‌లో, మోటారు వాహనాన్ని ‘ఆపరేట్’ చేయడం నేరం. పబ్లిక్ ప్లేస్ అంటే ఏమిటో అదే కోడ్ మొదట్లోనే రాసి ఉంది. ప్రజలు గానీ, ప్రజల్లో చెప్పుకోదగ్గ ఒక వర్గం గానీ రాగలిగే చోటేదైనా పబ్లిక్ ప్లేసే. వీధులు, హైవేలతో పాటు పాఠశాలలు, ఆసుపత్రులు, ఆఫీసు భవనాలు, షాపులు, అపార్ట్‌మెంట్ల ఉమ్మడి స్థలాలు కూడా అందులోకి వస్తాయని పేరుపెట్టి చెప్పారు. స్థలం ఎవరి పేరున రిజిస్టర్ అయి ఉందన్నది ప్రశ్నే కాదు, అక్కడికి ఎవరెవరు రాగలరన్నదే ప్రశ్న. కాంప్లెక్స్ పార్కింగ్‌లోకి అద్దెకున్నవాళ్లు, వాళ్ల చుట్టాలు, డెలివరీ వాళ్లు, ఊబర్లు అందరూ వస్తారు. గేటు ఉంటే రక్షణ అనుకునేవాళ్లున్నారు. సెక్యూరిటీ ఉన్న గేటెడ్ కమ్యూనిటీ లోపలి రోడ్లను కూడా ఇక్కడి అప్పీల్ కోర్టు పబ్లిక్ ప్లేస్ అనే అన్నది. మీ లాయరు ఎవరైనా ఈ ఒక్క పాయింటు మీదే కేసు కొట్టేయిస్తానని ఫీజు అడిగితే ఇంకొకరిని వెతుక్కోండి.

అసలు పోరాటం ‘ఆపరేట్’ చుట్టూ జరుగుతుంది. ఆ మాటకు అర్థం ఏమిటో కోడ్ చెప్పలేదు, కోర్టులే చెప్పాయి. 1995లో డెంటన్ కేసులో టెక్సస్ క్రిమినల్ అప్పీల్స్ కోర్టు ఇచ్చిన కొలమానం ఇప్పటికీ నడుస్తోంది. పరిస్థితులన్నీ కలిపి చూసినప్పుడు, ఆ మనిషి బండిని వాడుకోవడానికి వీలయ్యేలా దాని పనితీరు మీద ఏదో ఒక చర్య చేశాడా లేదా అన్నదే ఆ కొలమానం. బండి కదిలిందా అన్నది అందులో లేదు. చక్రం తిరగకపోయినా ఆపరేట్ చేసినట్టు కావచ్చు.

2015లో అదే కోర్టు తేల్చిన మర్రే కేసు మీకు దగ్గరగా ఉంటుంది. ఒక పికప్ సగం రోడ్డు పక్క అంచు (షోల్డర్) మీద, సగం టపాకాయల దుకాణం ముందు ప్రైవేటు దారిలో నిలిచి ఉంది. ఇంజిన్ ఆన్‌లో ఉంది, గేర్ పార్క్‌లో ఉంది, డ్రైవర్ సీట్లో మనిషి నిద్రపోతున్నాడు. నడుపుతుండగా ఎవరూ చూడలేదు. కింది అప్పీల్ కోర్టు సాక్ష్యం చాలదని అతన్ని వదిలేసింది. పై కోర్టు ఒప్పుకోలేదు. చుట్టుపక్కల ఇంకెవరూ లేరు, సీసాలు లేవు, అంటే తాగింది ఇంకెక్కడో, అక్కడి నుంచి నడుపుకుంటూ వచ్చాడని జ్యూరీ అనుకోవడంలో తప్పు లేదన్నది.

ఈ తీర్పును అందరూ భయపెట్టడానికి చెబుతారు. నేను మీ తమ్ముడి తరఫున చదువుతాను. అక్కడ శిక్షను నిలబెట్టింది ఇంజిన్ ఆన్‌లో ఉండటం ఒక్కటే కాదు. ‘అతను అక్కడికి నడుపుకుంటూనే వచ్చి ఉండాలి’ అన్న ఊహే కేసుకు వెన్నెముక. మీ తమ్ముడి విషయంలో ఆ ఊహకే చోటు లేదు. కారు అతను ఉండే చోటే ఉంది, పార్టీ అదే కాంప్లెక్స్‌లో నడిచి వెళ్లే దూరంలో జరిగింది, తాగకముందు నుంచే కారు అక్కడుంది. ఇది నిరూపించగలిగితే ప్రాసిక్యూటర్‌కు ఒకే దారి మిగులుతుంది. ఇంజిన్ స్టార్ట్ చేసి కూర్చోవడమే ఆపరేట్ చేయడమని అతను వాదించాలి. అది వాదించదగ్గదే, దాని మీద శిక్షలు పడ్డ సందర్భాలూ ఉన్నాయి. కానీ ఆరుగురు జ్యూరర్లు కూర్చుని, ఏసీ కోసం ఇంజిన్ వేసుకుని సీటు వాల్చి పడుకున్న కుర్రాడిని చూసినప్పుడు, సందేహానికి తావు లేకుండా నేరం రుజువైందని ఆరుగురూ ఒక్కమాట మీదకు రావాలి. ఈ సంగతి ప్రాసిక్యూటర్‌కూ తెలుసు. బేరం అక్కడే మొదలవుతుంది.

కాబట్టి ఇప్పుడు చేయాల్సిన పని సాక్ష్యాలు కాపాడుకోవడం, అదీ ఈ వారంలోనే. కాంప్లెక్స్ గేటు దగ్గర, పార్కింగ్‌లో కెమెరాలు ఉంటాయి. పాత ఫుటేజీ మీద కొత్తది రికార్డవుతూ పోతుంది, లీజింగ్ ఆఫీసు మన కోసం దాచి ఉంచదు. ఆ రాత్రి ఫుటేజీ చెరపకూడదని అటార్నీ చేత రాతపూర్వకంగా నోటీసు ఇప్పించండి. ఆ కారు సాయంత్రం నుంచి అదే గడిలో ఉన్నట్టు ఒక్క దృశ్యం దొరికినా కేసు స్వరూపం మారిపోతుంది. కారుకు ఫోన్ యాప్ ఉంటే స్టార్ట్ చేసిన సమయం, చివరి ప్రయాణం అందులో ఉండొచ్చు. దాన్ని స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టకుండా అటార్నీకి చూపించి తీయించాలి. పార్టీకి వచ్చినవాళ్లు ఏడింటికో ఎనిమిదింటికో ఇతను నడిచి రావడం చూసి ఉంటారు. వాళ్ల పేర్లు, నంబర్లు రాసి పెట్టండి. వచ్చే సెమిస్టర్‌కు సగం మంది వేరే ఊరికి వెళ్లిపోతారు.

ఆఫీసర్ రిపోర్టులో ఏం వెతుకుతామో కూడా చెబుతాను, అప్పుడు తమ్ముడిని ఏం అడగాలో మీకు తెలుస్తుంది. కీ ఎక్కడుంది, జేబులోనా, కప్ హోల్డర్‌లోనా? ఇంజిన్ నిజంగా నడుస్తోందా, లేక బ్యాటరీ మీద ఫ్యాన్ మాత్రం తిరుగుతోందా? పుష్ బటన్ కార్లలో ఈ తేడా పెద్దది. బ్రేకు తొక్కకుండా బటన్ నొక్కితే చాలా కార్లలో యాక్సెసరీ మోడ్ మాత్రమే వస్తుంది, ఇంజిన్ స్టార్ట్ కాదు. అయితే ఆ మోడ్‌లో ఏసీ చల్లబడదు, కాబట్టి ఏం జరిగిందో తమ్ముడు నిజం చెప్పాలి. హెడ్‌లైట్లు వెలుగుతున్నాయా? గేర్ ఎక్కడుంది? సీటు వాలి ఉందా? చెప్పులు విప్పి పక్కన పెట్టాడా, పైన దుప్పటో జాకెట్టో కప్పుకున్నాడా? ఇవన్నీ బాడీ కెమెరాలో కనబడతాయి. రిపోర్టులో ‘డ్రైవర్ సీట్లో స్పృహ లేకుండా’ అని రాసిన మనిషి వీడియోలో సీటు పూర్తిగా వాల్చి, తల కింద బ్యాగు పెట్టుకుని పడుకుని కనిపిస్తే ఆ రిపోర్టు విలువ తగ్గుతుంది. హియరింగ్‌లో ఆఫీసర్‌ని ముందే ఈ ప్రశ్నలు అడగాలనేది ఇందుకే. వీడియో రాకముందు ప్రమాణం మీద చెప్పిన మాట తర్వాత మార్చలేడు.

ఇంకో పాయింటు, చాలామంది వదిలేసేది. పార్క్ చేసిన కారు దగ్గరికి వచ్చి అద్దం కొట్టడానికి పోలీసుకు ప్రత్యేక కారణం అక్కర్లేదు. కానీ పెట్రోల్ కారును వెనక అడ్డంగా పెట్టి, పై లైట్లు వేసి, దిగమని ఆజ్ఞాపిస్తే అది నిర్బంధం కిందికి రావచ్చు. దానికి తగిన అనుమానం ముందే ఉండాలి. మనిషి క్షేమంగా ఉన్నాడా అని చూడటానికి వచ్చిన పిలుపు ఎక్కడ ఆగిపోయి, నేర విచారణ ఎక్కడ మొదలైందో వీడియోలో నిమిషం నిమిషం చూడాలి. అక్కడ తేడా ఉంటే తర్వాత తీసిన బ్రెత్ టెస్ట్‌తో సహా పక్కన పెట్టమని అడగొచ్చు.

ఇప్పుడు నన్ను నిజంగా బాధపెట్టే విషయం. మన పిల్లల కేసులు చాలావరకు చట్టం వల్ల కంటే వాళ్ల నోటి మాట వల్ల పాడవుతాయి. పోలీసు అనగానే భయం, మర్యాద రెండూ కలిసి ‘సర్, సర్’ అంటూ అడగనివి కూడా చెప్పేస్తారు. ‘ఎక్కడి నుంచి వస్తున్నావ్?’ అంటే, ఆ ప్రశ్నలోనే బండి నడిపావన్న ఊహ ఉందని గమనించరు. ‘ఫ్రెండ్ దగ్గర్నుంచి వచ్చాను సర్’ అంటారు. నడిచి వచ్చానని చెప్పరు. రిపోర్టులోకి అది ‘ఫ్రెండ్ ఇంటి నుంచి వాహనంలో వచ్చినట్టు అంగీకరించాడు’ అని ఎక్కుతుంది. ‘కాసేపు పడుకుని వెళ్దామనుకున్నా’ అన్న మాట కూడా ప్రమాదమే, వెళ్దామంటే నడుపుకుంటూ వెళ్దామని అర్థం తీస్తారు. పేరు, ఐడీ ఇచ్చి, మిగతావి అటార్నీ ఉన్నప్పుడు మాట్లాడతానని చెప్పడం ఇక్కడ అమర్యాద కాదు, హక్కు. ఇప్పటికైనా తమ్ముడిని ఆ రాత్రి గురించి ఎవరితోనూ రాతలో మాట్లాడవద్దనండి. వాట్సాప్ గ్రూపుల్లో జరిగిందంతా రాసి సలహాలు అడగడం ఇప్పుడే ఆపేయాలి. జైలు ఫోన్లో మీతో మాట్లాడింది కూడా రికార్డయి ఉంటుందని అటార్నీకి చెప్పండి.

కాలిఫోర్నియాలో ఇలాంటి కేసు కొట్టేశారని మీకెవరో చెప్పారన్నారు. అది నిజమే అయి ఉంటుంది, కానీ అది మీకు పనికిరాదు. ఈ విషయంలో రాష్ట్రం రాష్ట్రానికీ చట్టం మారిపోతుంది. కాలిఫోర్నియా చట్టంలో ఉన్నది ‘డ్రైవ్’. 1991లో మెర్సర్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, ఇంజిన్ ఆన్‌లో ఉండి స్టీరింగ్ మీద వాలిపోయిన మనిషి విషయంలో, బండి కదిలినట్టు రుజువు లేకపోతే డ్రైవ్ చేసినట్టు కాదన్నది. అక్కడ ప్రైవేటు స్థలం మాత్రం కాపాడదు, కదిపితే సొంత ఆవరణలోనైనా నేరమే. మిన్నెసొటా దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ బండి ‘భౌతిక నియంత్రణ’లో ఉంటే చాలు. 2010లో ఫ్లెక్ కేసులో ఒకతను తన అపార్ట్‌మెంట్‌లో, తనకు కేటాయించిన గడిలో, ఇంజిన్ ఆపేసిన కారులో నిద్రపోతూ దొరికాడు. తాళం సీట్ల మధ్య ఉన్న పెట్టెలో ఉంది. తర్వాత పోలీసులు స్టార్ట్ చేయబోతే ఆ కారు స్టార్ట్ కూడా కాలేదు. అయినా శిక్షను రాష్ట్ర సుప్రీంకోర్టు నిలబెట్టింది. ఆ తీర్పు నాకు అన్యాయంగానే తోస్తుంది, నడపకుండా ఆగినవాడికీ నడిపినవాడికీ అది ఒకే గతి పట్టించింది. కానీ మినియాపొలిస్‌లో ఉన్న మన పిల్లలకు అదే చట్టం. మిషిగన్‌లో 2017 నాటి రే కేసులో ఒకతను తన గరాజ్ నుంచి కారును సొంత డ్రైవ్‌వేలో కాస్త వెనక్కి తీసి, మళ్లీ లోపల పెట్టాడు, అంతే. వాహనాలు రాగలిగే చోటు కాబట్టి సొంత ఇంటి డ్రైవ్‌వే కూడా చట్టం పరిధిలోకి వస్తుందని అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. వాషింగ్టన్ రాష్ట్రం కొంత నయం. పోలీసులు వెంటపడకముందే బండిని రోడ్డు పక్కకు భద్రంగా తీసి ఆపినట్టు నిందితుడు చూపగలిగితే, భౌతిక నియంత్రణ కేసులో అది రక్షణగా పనిచేస్తుంది. సియాటిల్‌లో ఉన్న కజిన్ చెప్పిన సలహా డాలస్‌లో, డాలస్ సలహా డెట్రాయిట్‌లో వాడకండి.

హైదరాబాద్‌లో ఇలా ఉండదు కదా అన్నారు. మన మోటారు వాహనాల చట్టం 185 సెక్షన్ ‘నడుపుతూ లేదా నడపబోతూ’ ఉన్నవాళ్లకే వర్తిస్తుంది, ఊదించే అధికారం ఇచ్చే 203 సెక్షన్‌లో బహిరంగ ప్రదేశం అన్న షరతు కూడా ఉంది. ఊరికే కారులో పడుకున్నవాడి మీద అక్కడ కేసు నిలబెట్టడం ఇక్కడికంటే కష్టం. అదే సమయంలో మత్తు కొలత అక్కడే కఠినం. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే అక్కడ నేరం, ఇక్కడి 0.08 అంటే 80 మిల్లీగ్రాములు. మన పిల్లలు అక్కడి అలవాటుతో ‘నడపకపోతే చాలు’ అనుకుని ఇక్కడ కారులో పడుకోవడం వల్లే ఈ కేసుల్లో చిక్కుకుంటున్నారు.

ఇక శిక్ష, ఆపైన డిఫర్డ్. మొదటి డీడబ్ల్యూఐ, కొలత 0.15 లోపు ఉంటే, క్లాస్ బీ మిస్‌డిమీనర్, అంటే చిన్న తరగతి నేరం. 72 గంటల నుంచి 180 రోజుల దాకా జైలు, 2,000 డాలర్ల వరకు జరిమానా. అది కాక, శిక్ష ఖాయమైతే రాష్ట్రం వసూలు చేసే 3,000 డాలర్లు వేరు. 2019 సెప్టెంబర్ నుంచి 0.15 లోపు ఉన్న మొదటి కేసుకు డిఫర్డ్ అడ్జుడికేషన్ ఇవ్వడానికి చట్టం ఒప్పుకుంటోంది. నేరం ఒప్పుకున్నాక జడ్జి శిక్ష ఖరారు చేయకుండా పర్యవేక్షణలో పెడతారు. కారుకు ఊదితేనే స్టార్టయ్యే పరికరం బిగించుకోమంటారు. గడువు సరిగ్గా గడిస్తే శిక్ష పడినట్టు రాయకుండా కేసు ముగిస్తారు. అమెరికన్ పౌరుడికి ఇది చాలా మంచి బేరం. మీ తమ్ముడికి అంత మంచిది కాదు. 1996 నుంచి ఇమిగ్రేషన్ చట్టంలో ఉన్న నిర్వచనం ప్రకారం, నేరం ఒప్పుకుని, జడ్జి ఏ రకమైన ఆంక్ష పెట్టినా అది ‘కన్విక్షన్’ (నేరస్థుడిగా తేలినట్టు) కిందే లెక్క. రాష్ట్రం లేదన్నా ఫెడరల్ ప్రభుత్వం ఉందనే అంటుంది.

అలాగని ఒక్క డీడబ్ల్యూఐ కన్విక్షన్‌కే దేశం నుంచి పంపేస్తారని బెదిరిపోవద్దు. దాన్ని హింసాత్మక నేరంగా చూడకూడదని 2004లో లియోకల్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. మామూలు డీడబ్ల్యూఐ డిపోర్టేషన్ జాబితాలో విడిగా లేదు. దెబ్బ వీసా వైపు నుంచి వస్తుంది, దానికి కన్విక్షన్ దాకా ఆగనక్కర్లేదు. గత 5 ఏళ్లలో తాగి నడిపిన కేసులో అరెస్టయినా చాలు, అమెరికా విదేశాంగ శాఖ వీసా రద్దు చేయవచ్చు. వేలిముద్రలు పడ్డ క్షణం నుంచి ఆ సమాచారం వాళ్లకు అందుతుంది. చాలామందికి కాన్సులేట్ నుంచి ఈమెయిల్ వస్తుంది, అది స్పామ్‌లో పడి ఉండొచ్చు. వస్తే అందులో రద్దు ఎప్పటి నుంచి అమల్లోకి వస్తుందో చదవాలి. దేశం వదిలినప్పటి నుంచి అని ఉంటే ఇక్కడి చదువు సాగుతుంది, తర్వాత కొత్త స్టాంపింగ్‌కు వెళ్లాలి, అక్కడ వైద్య పరీక్షకు పంపుతారు. వెంటనే అని ఉంటే పరిస్థితి చాలా తీవ్రమైనది, అదే రోజు ఇమిగ్రేషన్ అటార్నీ దగ్గర ఉండాలి. 2025 ఏప్రిల్‌లో చిన్నచిన్న పోలీసు రికార్డులున్న వేల మంది విద్యార్థుల సెవిస్ రికార్డులు (విదేశీ విద్యార్థుల హోదాను ప్రభుత్వం నమోదు చేసే వ్యవస్థలోవి) ఒక్కసారిగా మూసేశారు, కోర్టుల్లో కేసులు పడ్డాక మళ్లీ తెరిచారు. వాళ్లలో కేసు కొట్టేసినవాళ్లూ ఉన్నారు. కాబట్టి ఈ కేసు తేలేదాకా తమ్ముడు ఇండియాకే కాదు, కెనడాకు కూడా ప్రయాణం పెట్టుకోకూడదు. ఇంట్లో పెళ్లి ఉన్నా సరే, ముందు అటార్నీని అడగాలి.

ఇంకో మాట నేరుగా అడగండి, తమ్ముడు సిగ్గుపడినా సరే. కారులో గంజాయి గానీ, టీహెచ్‌సీ (గంజాయిలోని మత్తు పదార్థం) వేప్ పెన్ గానీ దొరికిందా? టెక్సస్‌లో ఆ వేప్‌లోని నూనె ఎంత తక్కువైనా ఫెలనీ, అంటే తీవ్రమైన నేరం. ఇమిగ్రేషన్‌లో మాదకద్రవ్యాల కేసు డీడబ్ల్యూఐ కంటే ఎన్నో రెట్లు ప్రమాదం. అది ఉంటే ఇప్పటిదాకా చెప్పిన బేరాల వరుస అంతా మారిపోతుంది.

అటార్నీని ఎంచుకునేటప్పుడు ఇవి అడగండి. పార్క్ చేసిన కారు కేసులు ట్రయల్ దాకా తీసుకెళ్లారా? ఇమిగ్రేషన్ అటార్నీతో కలిసి పనిచేస్తారా? నేరం ఒప్పుకుంటే ఇమిగ్రేషన్ మీద పడే ప్రభావం చెప్పడం డిఫెన్స్ లాయరు బాధ్యత అని 2010లో పడిల్లా కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ‘అది నా పని కాదు’ అనేవాళ్లు మీకొద్దు. కోర్టులో నేరం ఒప్పుకోకుండానే చేరగలిగే ప్రీట్రయల్ డైవర్షన్ (షరతులు పాటిస్తే విచారణ లేకుండానే కేసు ముగించే పద్ధతి) ఆ కౌంటీలో ఉందా అని అడగండి. ఉంటే, చేరేముందు సంతకం పెట్టమనే కాగితాల్లో నేరాంగీకారం ఉందా అన్నది ఇమిగ్రేషన్ అటార్నీ చదవాలి. కొన్ని కౌంటీల్లో ఉంటుంది, కొన్నిటిలో ఉండదు. కొన్నిచోట్ల డీడబ్ల్యూఐ తీసేసి దారికి అడ్డం అనే చిన్న నేరానికి తగ్గిస్తారు. అది కూడా కన్విక్షనే, అయినా తాగుడు మాట లేకపోవడం మేలు. నా అభిప్రాయం అడిగితే, కారు ఆ సాయంత్రం నుంచి కదల్లేదని కెమెరా గానీ ఇద్దరు సాక్షులు గానీ చెప్పగలిగితే, మొదటి ఆఫర్‌కే తలవంచవద్దు. కేసు కొట్టేయడం కోసం పోరాడదగ్గ కేసు ఇది. అవేవీ దొరక్కపోతే, పైగా నోటితో ‘నడుపుకుంటూ వచ్చా’ అని ఉంటే, డైవర్షన్ దొరకడమే అదృష్టం.

ఆ రూమ్‌మేట్లకూ ఒక మాట చెప్పండి. తాగినవాడికి కారు పడక కాదు. తలుపు తీయకపోతే లీజింగ్ ఆఫీసు రాత్రి నంబరుకు ఫోన్ చేయాలి, పార్టీ జరిగిన ఫ్లాట్‌కే తిరిగి వెళ్లాలి, మెట్ల మీద కూర్చున్నా నయం. ఎటూ గతిలేక కారే దిక్కయితే వెనక సీట్లో పడుకోవాలి, ఇంజిన్ ముట్టుకోకూడదు, తాళం ఇంకొకరి దగ్గర ఉండాలి. మిన్నెసొటా లాంటి చోట అదీ పూర్తి రక్షణ అని నేను హామీ ఇవ్వను.

చివరిగా కాగితాల సంగతి. కేసు కొట్టేస్తే టెక్సస్‌లో రికార్డు చెరిపించుకునే వీలుంది, దాన్ని ఎక్స్‌పంక్షన్ అంటారు. అందరూ సంతోషంగా అది చేయించుకుంటారు. అయితే వీసా ఫారం డీఎస్ 160 ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా’ అని అడుగుతుంది, చెరిపించుకున్న తర్వాత కూడా జవాబు ‘అవును’ అనే రాయాలి. అప్పుడు కాన్సులర్ ఆఫీసర్ కోర్టు పత్రాలు చూపించమంటే, రికార్డులే లేవు కాబట్టి కోర్టు ఏమీ ఇవ్వలేదు. అందుకని ఎక్స్‌పంక్షన్‌కు దరఖాస్తు పెట్టేముందే చార్జి పత్రం, కేసు కొట్టేసిన ఆర్డరు, పోలీసు రిపోర్టు, బ్రెత్ టెస్ట్ ఫలితం సర్టిఫైడ్ కాపీలు రెండేసి చొప్పున తీసుకోండి. ఒక సెట్ తమ్ముడి దగ్గర, ఒకటి హైదరాబాద్‌లో మీ దగ్గర ఉండాలి. గ్రీన్ కార్డు దాకా ప్రతి మెట్టులోనూ అవి అడుగుతారు.